పోటీకి అర్హుడు, ఓటుకు అనర్హుడు

2024 జూలై 5న ఇద్దరు పార్లమెంటు సభ్యులు పోలీసు కాపలా నడుమ ఢిల్లీలో ప్రమాణ స్వీకారం చేసి, తిరిగి నిర్బంధానికి వెళ్ళిపోయారు. సభలో గాక స్పీకరు ఛాంబరులో జరిగిన తంతు కనుక పత్రికా గేలరీలో కూర్చునే మాబోటివారికి ఆ దృశ్యం దక్కలేదు. ఒకరు తీహార్ జైలులో ఉండి బారాముల్లాలో ఒమర్ అబ్దుల్లాను రెండు లక్షల పైచిలుకు ఓట్లతో ఓడించిన ఇంజనీర్ రషీద్. రెండవవారు డిబ్రూగఢ్ జైలులో ఉండి పంజాబులోని ఖడూర్ సాహిబ్ స్థానం గెలుచుకున్న అమృత్‌పాల్ సింగ్.

వారి రాజకీయాల మంచిచెడ్డలు ఇక్కడ అప్రస్తుతం. నన్ను ఆలోచింపజేసిన విషయం వేరు. అప్పటికి జాతీయ భద్రతా చట్టం కింద ముందస్తు నిర్బంధంలో ఉన్న అమృత్‌పాల్‌కు పోస్టల్ బ్యాలెట్‌తో ఓటు వేసే హక్కు చట్టరీత్యా ఉంది. విచారణ ఖైదీ అయిన రషీద్ మాత్రం లక్షలాది ఓట్లు సంపాదించగలడు గాని, తన ఓటు తాను వేసుకోలేడు!

ఇందుకు మూలం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62వ సెక్షను, 5వ ఉపసెక్షను. శిక్షపడి గాని, మరే విధంగా గాని జైలులో ఉన్నవారు ఓటు వేయరాదని దాని సారాంశం. ఆ “మరే విధంగా గాని” అన్న మాటలోనే ఉంది మెలిక అంతా. నేరం రుజువై, అప్పీలులో బెయిలు పొంది ఇల్లు చేరిన సంపన్నుడు పోలింగు కేంద్రం ముందు దర్జాగా వరుసలో నిలబడవచ్చు. జామీను ఇచ్చే దిక్కులేక చిల్లర దొంగతనం కేసులో మగ్గుతున్న కూలివాడు, రేపు నిర్దోషిగా తేలనున్నా సరే, ఓటు వేయరాదు. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే.

అమెరికాలో శిక్ష ముగిసినా ఓటు దక్కనివారున్నారు. ఫ్లోరిడా ప్రజలు 2018లో ఓటింగు ద్వారా ఆ హక్కును పునరుద్ధరిస్తే, మరుసటి ఏడే శాసనసభ దానికి జరిమానాల చెల్లింపును ముడిపెట్టింది. ఆ మేరకు మనం నయం: ఎన్నికల నేరాల వంటివి మినహాయిస్తే, జైలు గేటు దాటినవాడికి ఓటు తిరిగి వచ్చినట్లే.

సుప్రీంకోర్టు 1997లో అనుకూల్ చంద్ర ప్రధాన్ కేసులో ఈ నిషేధాన్ని సమర్థించింది. ఖైదీలందరి చేత ఓటు వేయించాలంటే పోలీసు బలగం, వనరులు చాలవన్నది చెప్పిన కారణాలలో ఒకటి. ముందస్తు నిర్బంధితుల వద్దకు తపాలాలో వెళ్ళగలిగిన బ్యాలెట్ పక్క బ్యారక్‌కు ఎందుకు వెళ్ళలేదో నాకు బోధపడదు. న్యాయశాస్త్ర విద్యార్థులు వేసిన పిటిషనును ఢిల్లీ హైకోర్టు 2020లో తోసిపుచ్చింది.

తెలుగు పాఠకులకు మరొక వింత గుర్తుండే ఉంటుంది. 2012 జూలైలో చంచల్‌గూడ జైలులో ఉన్న అప్పటి కడప పార్లమెంటు సభ్యుడు జగన్మోహన రెడ్డిని హైదరాబాదు అసెంబ్లీకి తీసుకువచ్చి రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేయించారు. రాష్ట్రపతి ఎన్నికకు వేరే చట్టం ఉన్నది కనుక అది సాధ్యమైంది. అదే 2022లో రాజ్యసభ ఎన్నికకు మహారాష్ట్రలో నవాబ్ మాలిక్, అనిల్ దేశ్‌ముఖ్‌లకు అనుమతి దొరకలేదు.

ఓటు వేయలేనివాడు పోటీకీ పనికిరాడని 2004లో పాట్నా హైకోర్టు చెప్పిన మాటను 2013 జూలై 10న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తర్కానికి అది నిలిచే మాటే. కాని నాయకులకు గుండె గుభేలుమన్నది. రెండు నెలలు తిరగకముందే ఉభయసభలూ సవరణను ఆమోదించాయి. జైలులో ఉన్నా పేరు జాబితాలో ఉంటే ఓటరే, కనుక పోటీ చేయవచ్చునన్నాయి. ఓటు నిషేధాన్ని మాత్రం ఉన్నచోటనే ఉంచాయి.

విచారణ ఖైదీల ఓటు విషయమై 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కేంద్రానికీ ఎన్నికల సంఘానికీ నోటీసులిచ్చింది. శిక్షపడిన వారి సంగతిపై వాదప్రతివాదాలకు తావుండవచ్చు. విచారణ ఖైదీల మట్టుకు, “మరే విధంగా గాని” అన్న మాటను తొలగించడానికి న్యాయస్థానం కోసం వేచి చూడనక్కరలేదు. 2013లో తమ అభ్యర్థుల కోసం పార్లమెంటు కనబరచిన ఆ రెండు నెలల తొందర చాలును.