పూర్వపక్షమునకు న్యాయము

హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరులోని సాయిబాబా మందిరమున గురువారమునాడు భక్తసమ్మర్దము మెండు. అచ్చటినుండి లాల్‌బహదూరునగరు వైపు సాగిన కొత్తపేటలో అష్టలక్ష్మీ దేవాలయమును, మరికొంత యెడమున కర్మన్‌ఘాటు ఆంజనేయుని కోవెలయు నున్నవి. మంగళవారము హనుమంతుని, గురువారము బాబాను, శుక్రవారము లక్ష్మిని సేవించు కుటుంబము లా పేటలలో కొల్లలు. వారి కిందులో విరోధ మగుపడలేదు.

పీఠములకు మాత్ర మగుపడినది. 2014 జూనులో ద్వారకా పీఠాధిపతులు స్వరూపానంద సరస్వతీ స్వామివారు, బాబా దేవుడు కాడనియు, హిందువు లాయనను పూజింపరాదనియు ప్రకటించిరి. ఆగస్టులో ఛత్తీస్‌గఢ్‌లోని కవర్ధాయందు కూడిన ధర్మసంసత్తు అట్లే తీర్మానించెను. భక్తులలో కొందరు స్వామివారి దిష్టిబొమ్మలను దగ్ధము చేసిరి. కొందరు పోలీసు ఠాణాలకు పోయిరి. 2022లో స్వామివారు సిద్ధిపొందినను తగవు చల్లారలేదు. 2024లో కాశిలోని కొన్ని యాలయములనుండి బాబా విగ్రహములు తొలగింపబడెను.

స్వామివారి యాక్షేపణలో విచారణార్హమైన భాగము కలదు. శాస్త్రవిహితులైన దేవతల సరసన, 1918లో దేహము చాలించిన ఫకీరు విగ్రహమును నిలుపుటకు ప్రమాణ మేమి? ఇది యడుగదగిన ప్రశ్న. దీనికి దిష్టిబొమ్మ జవాబు కాదు. ఠాణా అంతకంటెను గాదు. కాని బాబా పుట్టుక యేమి, తిన్నది యేమి యను దూషణము లీ ప్రశ్న కేమి తోడ్పడును? భక్తుడు ఆయన పుట్టుకను ప్రమాణముగా జూపలేదు గదా! గురువని కొలిచెను. ఎక్కిరాల భరద్వాజగారి 'శ్రీ సాయిలీలామృతము' చదివిన తెలుగువారికి ఈ భావము సుపరిచితము. గురువును పరబ్రహ్మస్వరూపునిగా దలచుట అద్వైతులకును సమ్మతమే. కావున 'దేవుడు' అను నొక్కమాటను ఇరువురును వేర్వేరర్థములలో వాడుటచేతనే కలహము సగము పెరిగినది. ఎదిరి యుద్దేశింపని యర్థమును వాని మాటకు గట్టి ఖండించుటను నైయాయికులు ఛలమందురు. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము, గెలుపునకై చేయునది జల్పము, స్వపక్షమే లేక పరపక్షమును గొట్టుట వితండ యని గౌతముడు వింగడించెను. కవర్ధాలోను వీధులలోను వాదపు పా లెంతయో పాఠకులే యూహింతురు గాక.

పదునారవ శతాబ్దమున అప్పయ్య దీక్షితు లేమి చేసెనో చూడుడు. అద్వైతి, పరమశివభక్తుడు. అయినను 'చతుర్మతసారసంగ్రహము'న మధ్వ, రామానుజ, శ్రీకంఠ, శంకర మతములను, ఆయా మతస్థుల పక్షముననే నిలిచి వివరించెను. వైష్ణవాచార్యులగు వేదాంత దేశికుల 'యాదవాభ్యుదయము'నకు వ్యాఖ్యానము రచించెను. మెతకవాడని భ్రమింపకుడు! 'మధ్వతంత్రముఖమర్దనము' వ్రాసినవాడును ఆతడే. ఆ పేరు సౌమ్యమని యెవ్వరు ననజాలరు. ఖండన మెంత కఠినమైనను, ఖండింపబడు మతమును ముందుగా దాని యనుయాయులు ఔనను రీతిని చెప్పగల శక్తి యాతనికి గలదు.

దిల్‌సుఖ్‌నగరు మందిరము బాబా పేరనే వెలసినది. అందు పూజించువారిని ఆపుట కెవరికి నధికారము లేదు. పాత దేవాలయపు మంటపమున క్రొత్త విగ్రహమును నిలుపదలచినపుడే చిక్కు పుట్టును. అప్పుడు అర్చకులు, ధర్మకర్తలు, భక్తులు పట్టపగలు కూర్చుండి తేల్చుకొందురు గాక. ఎదుటివాని మాటను వాడొప్పుకొనునట్లు తిరిగి చెప్పినవానికే అచ్చట ఖండించు నధికార మీయవలయును. విగ్రహము కూడదని తేలినచో దానిని మేళతాళములతో సమీపమందలి బాబా మందిరమునకు జేర్పవచ్చును.