కనిపించని టైరును మరువకండి

తెల్లవారుజాము. సరుకు నింపుకున్న లారీ ఒకటి హైవే పక్క టీ కొట్టు ముందు ఆగుతుంది. క్లీనరు కుర్రాడు కిందికి దూకి, టామీ రాడ్డుతో వెనుక టైర్ల మీద ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ వెళతాడు. ‘టంగు’మంటే గాలి ఉన్నట్టు, ‘ధబ్బు’మంటే లేనట్టు. “అన్నీ బాగున్నాయి ఉస్తాద్!” అని కేక వేస్తాడు. డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి స్టీరింగు ముందు కూర్చుంటాడు. మన రోడ్ల మీద ఏళ్ల తరబడి సాగుతున్న పరీక్ష ఇది. అయితే ఇది నిజం చెబుతుందా?

గాలి పూర్తిగా పోయిన టైరును ఆ దెబ్బ పట్టిస్తుంది, సందేహం లేదు. కాని 110 పౌండ్లు ఉండవలసిన టైరులో 80 పౌండ్లే ఉంటే? ఆ తేడాను మోత విని చెప్పడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు. పైగా లోపలి టైరుకు రాడ్డు సరిగా అందదు. చాలాసార్లు ప్రమాదం దాగి ఉండేది అక్కడే.

ఒకటి కుంగితే రెండో దానికి చేటు

వెనుక ఇరుసుకు ఒక్కో వైపు రెండేసి టైర్లు పెట్టేది బరువు పంచుకోవడానికే. నాలుగు టైర్ల ఇరుసు మీద అనుమతించే బరువును కేంద్ర ప్రభుత్వం 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. అంటే ఒక్కో టైరు వంతు సుమారు 2,875 కిలోలు. జంటలో ఒక దాని గాలి పోతే, దాని వంతు కూడా పక్క టైరు నెత్తిన పడుతుంది. మోయవలసినదానికి రెట్టింపు మోస్తూ అది ఎంత దూరం పరుగెత్తగలదు?

ఇందులో మోసం ఏమిటంటే, గాలి తగ్గిన టైరు కుంగినట్టు కనిపించదు. పక్కవాడి భుజం పట్టుకుని నడిచే రోగి దూరం నుంచి ఆరోగ్యంగానే కనిపిస్తాడు కదా! అలాంటిదే ఇదీ. మెత్తబడిన టైరు పక్క గోడలు ప్రతి చుట్టులోనూ మడతపడి వేడెక్కుతాయి. రెండు టైర్లూ ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. లోపలి టైరుకు గాలి తగలదు. బ్రేకు డ్రమ్ము వేడి కూడా దానికే ఎక్కువ. ఎండాకాలంలో బరువు బండి అలాగే పోతే టైరు పేలడమే కాదు, నిప్పంటుకోవడం కూడా జరుగుతుంది.

పరీక్షించే పద్ధతి

గాలి చూడవలసింది టైరు చల్లగా ఉన్నప్పుడు. బండి ఆగి కనీసం మూడు గంటలు గడవాలి; ప్రయాణానికి ముందు ఉదయం వేళ అయితే మేలు. పరుగు మీద వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరగడం సహజం. అది చూసి గాలి తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది.

లోపలి టైరు వాల్వు బయటి డిస్కు రంధ్రం గుండా అందుతుంది. బయటి టైరు వాల్వు లోపలి వైపు తిరిగి ఉంటుంది. మామూలు గేజి అక్కడ తిప్పలు పెడుతుంది కనుక రెండు ముఖాల గేజి కొనుక్కోవాలి. ఒక ముఖం నొక్కడానికి, మరొకటి వెనక్కు లాగి పట్టడానికి పనికొస్తుంది. పొడిగింపు గొట్టాలు బిగిస్తే పని సులువే. కాని అవి ఊగకుండా కట్టి ఉంచాలి, లేకపోతే అవే లీకు అవుతాయి. చూశాక వాల్వు మూత మరచిపోవద్దు. జంటలోని రెండింటిలోనూ గాలి సమానంగా ఉండాలి. ఎంత ఉండాలన్నది టైరు సైజును, బరువును బట్టి తయారీదారు పట్టిక చెబుతుంది.

అరిగిన టైరును కొత్త టైరు పక్కన జత కట్టడం కూడా పొరపాటే. పెద్దది బరువు మోస్తుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. రెండూ నష్టమే. అలాగే రెండు టైర్ల సందులో ఇరుక్కున్న రాయిని వెంటనే తీసేయాలి. అది ఎగిరితే వెనుక వచ్చే స్కూటరు మనిషికి ప్రాణం మీదికి వస్తుంది.

ఇదే జంట చక్రాలు బస్సులకూ టిప్పర్లకూ ఉన్నాయి. అమెరికాలో కుటుంబాలు ఇల్లులా వాడుకునే పెద్ద మోటార్‌హోమ్ బండ్లకూ ఉన్నాయి. అక్కడి యజమానులు కూడా లోపలి వాల్వు దగ్గర ఇలాగే అవస్థ పడతారు!

గాలి కొట్టే కుర్రాడి సంగతి

విజయవాడ ఆటోనగర్ నుంచి చిన్న పల్లె కూడలి దాకా, కంప్రెషరు పక్కన కూర్చునే పంక్చర్ షాపు కుర్రాళ్లను మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఈ పనిలో అందరికంటే ముందు ప్రమాదంలో ఉండేవారు వాళ్లే. లాకు రింగు సరిగా కూర్చోకపోతే గాలి ఒత్తిడికి అది ఎగిరిపడుతుంది. ఎదురుగా ఉన్నవాడు బతకడం కష్టం.

కనుక 110 పౌండ్లు ఉండవలసిన టైరు 88కి గాని, అంతకంటే కిందికి గాని దిగి నడిచి ఉంటే, అక్కడికక్కడే గాలి కొట్టి పంపకూడదు. విప్పి, లోపలి తీగలు తెగాయేమో చూడాలి. నట్లు విప్పేముందే జంటలోని రెండు టైర్ల గాలీ పూర్తిగా తీసేయాలి. మళ్లీ గాలి నింపేటప్పుడు చక్రాన్ని ఇనుప పంజరంలో ఉంచి, పొడవాటి గొట్టానికి క్లిప్పు తగిలించి, పక్కకు తొలగి నిలబడాలి. “తొందరగా కానీయ్ భాయ్” అని గద్దించే డ్రైవరు, ఆ కుర్రాడికీ ఇంటి దగ్గర ఒక తల్లి ఉందని గుర్తుంచుకోవాలి. పంజరం కొనివ్వవలసిన బాధ్యత షాపు యజమానిది.

ఒక మంచి గేజి ఖరీదు లారీ టైరు ఖరీదులో పిసరంత. పరీక్షకు పట్టేది పది, పదిహేను నిమిషాలు. ఎవరూ చూడని లోపలి టైరును రోజూ చూసే డ్రైవరు తన సరుకునే కాదు, దారిన పోయేవారిని కూడా కాపాడినవాడవుతాడు. రేపు ఉదయం రాడ్డు అందుకునే ముందు గేజి అందుకోండి. మొదట లోపలి టైరు చూడండి.