లిస్టీరియా మెనింజైటిస్

లిస్టీరియా మెనింజైటిస్ పెద్దవారిలో అరుదుగా కనిపించే బాక్టీరియా వ్యాధి. ఇందులో మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరలు వాస్తాయి. లిస్టీరియా మోనోసైటోజెనిస్ అనే బాక్టీరియా దీనికి కారణం.

కారణాలు

ఈ బాక్టీరియా మట్టిలోను, పశువుల పేడలోను ఉంటుంది. కాచని పాలు, వాటితో చేసిన మెత్తని చీజ్, నిల్వ మాంసం ద్వారా పేగులలోనికి, అక్కడినుండి రక్తం ద్వారా మెదడుకు చేరుతుంది. ఫ్రిజ్‌లోని చల్లదనంలో కూడా వృద్ధి చెందడం దీని ప్రత్యేకత. 2017-18లో దక్షిణ ఆఫ్రికాలో పోలనీ అనే మాంసాహారం వలన వెయ్యిమందికి పైగా లిస్టీరియా సోకగా, 200 మందికి పైగా మరణించారు. 50 ఏళ్ళు దాటినవారికి, మద్యపాన వ్యసనపరులకు, కాన్సర్ రోగులకు, స్టీరాయిడ్లు వాడేవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి మెనింజైటిస్ ముప్పు ఎక్కువ.

లక్షణాలు

జ్వరం, తలనొప్పి, వాంతులు, మగత ముఖ్య లక్షణాలు. కొందరిలో మెడ బిగుసుకుపోదు. అందువలన వ్యాధిని గుర్తించడం ఆలస్యం కావచ్చు. మూర్ఛ, నడకలో తూలుడు, ముఖ పక్షవాతం కూడా కలుగవచ్చు.

నిర్ధారణ, చికిత్స

వెన్ను నుండి తీసిన ద్రవాన్ని, రక్తాన్ని కల్చర్ చేసి వ్యాధిని నిర్ధారిస్తారు. మెనింజైటిస్‌కు సాధారణంగా ఇచ్చే సెఫ్ట్రయాక్సోన్ ఈ బాక్టీరియాపై పనిచేయదు. కనుక ముప్పు ఉన్నవారికి పరీక్షా ఫలితం కోసం వేచి ఉండక, ఆంపిసిలిన్‌ను కూడా వెంటనే మొదలుపెడతారు. చికిత్స కనీసం 3 వారాలు సాగుతుంది. ఆలస్యమైతే ప్రాణాపాయం కలుగవచ్చు.

నివారణ

పాలను కాచి త్రాగాలి. నిల్వ ఉంచిన ఆహారాన్ని బాగా వేడిచేసి తినాలి.