సీరియల్ పిచ్చిదాన్నే... అయితే ఏం?

సాయంత్రం ఏడున్నరయితే చాలు, మా ఇంట్లో కుక్కర్ కూత కూడా వినపడదు. ఎనభై దాటిన మా అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని దివాన్ మీద సర్దుక్కూర్చుంటారు. నేను గోరుచిక్కుళ్లు ఒళ్లో పెట్టుకుని ఈనెలు తీస్తూ పక్కన చేరతాను. తెరమీద కోడలు చెయ్యని దొంగతనం నింద మోస్తూ తలొంచుకుని నిలబడి ఉంటుంది. ఆమె మొహాన్ని మూడు వైపుల నుంచీ మూడుసార్లు చూపిస్తారు. ఒక్కోసారికీ ఢాం ఢాం అని ఒకటే మోత!

"నోరు పడిపోయిందా దీనికి? నేను తియ్యలేదు అని ఒక్కమాట అంటే పోయేదానికి ఆర్నెల్లు ఏడుస్తుంది" అని అత్తయ్య తిట్టిపోస్తారు. నేనూ వంత పాడతాను.

"ఈ చెత్త ఎలా చూస్తారో!" అని మావారి విసుగు. మరి క్రికెట్ ఉన్నరోజున ఆయనగారో? క్యాచ్ వదిలేసినవాడికి వినిపించాలన్నట్టు కేకలేస్తారు. ఆయనదేమో ఆటమీద అభిమానమట, మాదేమో పిచ్చట! మీ ఇంట్లోనూ ఇంతేనా?

నన్నడిగితే అభిమాని అంటే కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టేవాళ్లు కాదు. ఇష్టంగా చూస్తాం, ఇష్టంగానే తిడతాం. నలభయ్యేళ్లుగా నేను చేస్తున్నదదే.

రజని ఇచ్చిన ధైర్యం

1985లో దూరదర్శన్‌లో 'రజని' వచ్చేది. అప్పుడు మా వీధి మొత్తానికి మూడిళ్లలోనే టీవీ. పక్కింటి వాళ్ల వరండాలో చాపమీద కూర్చుని, వచ్చీరాని హిందీలోనే చూసేవాళ్లం. ప్రియా టెండూల్కర్ వేసిన ఆ రజని మనలాంటి మామూలు ఇల్లాలు. రోజూ ఎదురయ్యే అన్యాయాల్ని 'ఇదేమిటి?' అని అడిగేది, అంతే.

పెళ్లయిన కొత్తలో సిలిండర్ తెచ్చిన కుర్రాడు బిల్లుమీద అదనంగా అడిగితే, "బిల్లులో ఎంతుందో అంతే ఇస్తాను" అన్నాను. గొంతు వణికింది. అయినా అన్నాను. వంటింట్లోంచి తొంగిచూసిన అత్తయ్య "ఫర్వాలేదే, నోరుంది నీకు!" అన్నారు. ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. అందులో సగం రజనిదే!

1989లో 'ఉడాన్' వచ్చింది. తన అక్క కాంచన్ జీవితం స్ఫూర్తిగా కవితా చౌదరి తనే రాసి, తనే తీసి, తనే పోలీసు అధికారిగా నటించారు. ఆ అక్కగారే 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు. ఒక రాష్ట్రానికి డీజీపీ అయిన మొదటి మహిళ ఆవిడే. ఆ వెంటనే 1990లో మన 'కర్తవ్యం'. విజయశాంతికి జాతీయ ఉత్తమనటి అవార్డు తెచ్చిపెట్టిన సినిమా. హాల్లో ఆడవాళ్లు ఈలలు వేయడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

అత్తయ్య లెక్క మాత్రం వేరు. ఆవిడకి 1955 నాటి 'మిస్సమ్మ' తర్వాతే ఏ సినిమా అయినా. ముందు భానుమతితో మొదలైన ఆ పాత్ర చివరికి సావిత్రికి దక్కిందన్న కథ ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటారు. "ఉద్యోగం కోసం ఎవరో పరాయివాడికి పెళ్లాంగా నటించాల్సొచ్చింది. అయినా ఒక్క పూట తగ్గిందా ఆ పిల్ల? చీటికీమాటికీ పోట్లాటే!" అని మురిసిపోతారు.

డెబ్బై ఏళ్ల కిందటి మేరీకి ఉన్న నోరు ఇవాళ్టి సీరియల్ కోడలికి ఏమైపోయిందన్నది మా ఇద్దరి బాధ. రోజూ సాగాలంటే కథ తేలకూడదు. కథ తేలకూడదంటే ఆమె మాట్లాడకూడదు. అంతే కిటుకు!

పదహారు భాగాల్లో అయిపోయింది!

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి సంక్రాంతికి వచ్చి, మాకు 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ' అనే కొరియా సీరియల్ పెట్టింది. దక్షిణ కొరియా కోటీశ్వరురాలు గాలివానకి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడుతుంది. అక్కడ ఒక సైనికాధికారి ఆమెకు అండగా నిలుస్తాడు. పదహారు భాగాల్లో కథ కంచికి! అత్తయ్యకి భాష రాదు, కింద వచ్చే అక్షరాలు ఆనవు. అయినా "ఆ పిల్లాడు బుద్ధిమంతుడే" అని తేల్చేశారు.

ఆ పండక్కే ఇంకో సంగతి జరిగింది. మా పుట్టింటివాళ్లు నా పేరున ఇచ్చిన స్థలం ఒకటుంది. అది అమ్మేసి ఫ్లాట్‌కి అడ్వాన్సు కడదామని మావారు బంధువుల ముందు మాట తెచ్చారు. "ఇప్పుడే ఎందుకండీ?" అన్నాను. "నీకేం తెలుసు? వెళ్లి నీ సీరియల్ చూసుకో" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి కాఫీలు తేవడానికి లోపలికెళ్లిపోయాను.

ఆ రాత్రి మామూలుగానే టీవీ ముందు కూర్చున్నాం. తెరమీద కోడలు మళ్లీ తలొంచుకుంది. "ఒక్కమాట అనదేం!" అన్నాను.

"ఆవిణ్ణి అంటున్నావు గానీ, పొద్దున నువ్వేం చేశావమ్మా?" అంది మా అమ్మాయి.

చేతిలో గోరుచిక్కుడు చేతిలోనే ఉండిపోయింది. అత్తయ్య రిమోట్ తీసుకుని టీవీ కట్టేశారు. మంచి పట్టుమీద ఉన్నప్పుడు ఆవిడ టీవీ కట్టెయ్యడం నేనెన్నడూ చూడలేదు.

"పొద్దున నేనూ నవ్వాను అమ్మాయ్. తప్పే. నా రెండుపేటల గొలుసు అమ్మినప్పుడు మీ మామగారూ నన్నడగలేదు. నేనూ ఇలాగే లోపలికెళ్లిపోయాను" అన్నారు.

మర్నాడు కాఫీ ఇస్తూ మావారితో అన్నాను. "స్థలం సంగతి మాట్లాడాలండీ. అది నా పేరున ఉంది. ఇప్పుడు అమ్మడం నాకిష్టం లేదు. ఎందుకో చెప్తాను, వినండి." ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. పది నిమిషాలు విన్నారు. ఒప్పుకున్నారని చెప్పను. "సరే, ఇప్పటికి ఆపుదాంలే" అన్నారు. ఢాం ఢాం అని మోతేమీ మోగలేదు. కాఫీ మాత్రం చల్లారిపోయింది. కాగితాలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి.

సీరియళ్లు మానేశానా? ఎందుకు మానతాను! ఏడున్నరయితే ఇప్పటికీ అదే దివాన్, అవే తిట్లు. సీరియల్ రాసేవాళ్లకి ఒకటే మనవి. ఆ అమ్మాయిని మొదటి వారంలోనే మాట్లాడనివ్వండి. మాట్లాడాక ఏమవుతుందన్నది కూడా కథే కదా! ఇక మీకో మాట. టీవీలో కోడల్ని 'నోరు లేదా నీకు?' అని తిట్టినప్పుడల్లా, అందులో ఒక్కమాట మనకోసం దాచిపెట్టుకుందాం. ఏమంటారు?