ఆంప్లిఫయరునకు, స్పీకరునకు పొత్తు

పాఠశాల వార్షికోత్సవమునకు వచ్చు తలిదండ్రులు ముఖ్యముగా కోరునది తమ బిడ్డ మాటను చెవులార వినుట. మన పావగడ తాలూకాలో రాజభాష కన్నడమైనను, ఎన్నియో యిండ్లలో తెలుగే యింటి భాష. అట్టి యింటి పిల్ల వేదిక నెక్కి పద్యము చదువునపుడు కడపటి వరుసలో కూర్చున్న అవ్వకు సైతము అది స్పష్టముగా వినబడవలయును. ఆ భారము మైకు సెట్టుది. అందులో ఆంప్లిఫయరునకు, స్పీకర్లకు పొత్తు కుదరనిచో మాట చెడును; ఒక్కొక్కపుడు యంత్రమే కాలిపోవును. చందాలతో కొన్న సామగ్రి ఒక్క సాయంకాలములో పాడగుట పాఠశాలకు చిన్న నష్టము కాదు. కావున అరసికెరెలోని తలిదండ్రులకు ఉపయోగపడునట్లు ఈ విషయమును వివరించుచున్నాము.

ప్రతి స్పీకరు వెనుకను రెండు సంఖ్యలుండును. వాట్టుల సంఖ్య అది సహింపగల శక్తిని తెలుపును. ఓముల సంఖ్య విద్యుత్ప్రవాహమునకు అది కలిగించు అవరోధమును తెలుపును. ఓములు హెచ్చిన కొలది ఆంప్లిఫయరునకు బరువు హెచ్చునని పలువురు తలంతురు. నిజము దీనికి విరుద్ధము. సన్నని గొట్టములో కంటె వెడల్పు గొట్టములో నీరు ఎక్కువగా పారునట్లు, ఓములు తగ్గిన కొలది ప్రవాహము హెచ్చును. 20 వోల్టుల వద్ద 8 ఓముల స్పీకరు రెండున్నర ఆంపియర్లను గైకొనును; అనగా 50 వాట్టులు. అదే వోల్టేజి వద్ద 4 ఓములైనచో 5 ఆంపియర్లు, 100 వాట్టులు. 50 వాట్టులకే నిర్మించిన యంత్రమునకు ఈ బరువు మోయ శక్యము కాదు. అది వేడెక్కును, తుదకు కాలును.

స్పీకర్లను ప్రక్కప్రక్కగా ఒకే జత తీగలకు కలిపినపుడు మొత్తము అవరోధము తగ్గును. 16 ఓముల హారన్లు రెండు కలిపిన 8 ఓములు; నాలుగు కలిపిన 4; ఎనిమిది కలిపిన 2 మాత్రమే. ఆంప్లిఫయరు వెనుక 4, 8, 16 అని వ్రాసియున్న బిగింపులలో, మొత్తమునకు సరిపోవు దానికే తీగను తగిలించవలయును. మొత్తము 4 కంటె తక్కువైనచో ఆ ఏర్పాటును మానుకొనుటయే మేలు.

మైదానము పెద్దదైనపుడు తీగ కూడ శక్తిని మ్రింగును. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగను 100 మీటర్ల దూరము లాగినచో, పోకకు రాకకు కలిపి దాని నిరోధము దాదాపు మూడున్నర ఓములు. 8 ఓముల స్పీకరును దాని కొనను కట్టినపుడు శక్తిలో రమారమి మూడవ వంతు తీగలోనే వ్యర్థమగును. ఇందులకే 100 వోల్టుల లైను ఏర్పడినది. ఈ పద్ధతిలో ప్రతి స్పీకరునకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండును. ఓముల లెక్క అక్కరలేదు; వాట్టులను కూడిన చాలును. 100 వాట్టుల ఆంప్లిఫయరునకు 20 వాట్టుల స్పీకర్లు నాలుగు కట్టి, మిగిలిన దానిని వెసులుబాటుగా ఉంచవలయును. ట్రాన్స్‌ఫార్మరు లేని 16 ఓముల హారనును మాత్రము ఈ లైనునకు తగిలింపరాదు. లెక్కకు అది 625 వాట్టులను లాగును!

వెసులుబాటు ఎందులకని అడుగవచ్చును. స్పీకరుపై వ్రాసిన ఓములు అన్ని స్వరములకు ఒకటిగా నుండవు. ఇందులకు స్థిరవిద్యుత్ స్పీకరు చక్కని నిదర్శనము. ఇంగ్లండులో పీటర్ వాకర్ రూపొందించిన క్వాడ్ స్పీకరు 1957లో విపణికి వచ్చినది. ఈ జాతి స్పీకరులో తీగచుట్టకు బదులు, చిల్లులుగల రెండు పలకల నడుమ కొన్ని వేల వోల్టుల విద్యుదావేశము గల పలుచని పొర కంపించును. ఆంప్లిఫయరునకు అది కెపాసిటరువలె కానవచ్చును. రెండు మైక్రోఫారడుల కెపాసిటరు, సెకనుకు 1,000 కంపనముల స్వరమునకు 80 ఓములు చూపును. 20,000 కంపనములకు 4 ఓములే. తక్కువ ఓములకు ఓర్వలేని ఆంప్లిఫయరు ఇచట తబ్బిబ్బగును. అట్లని మితిమీరిన బలముగల దానిని కట్టినచో పొరపై నిప్పురవ్వలు లేచి అది చిల్లి పడును. క్వాడ్ వారు దానికి జతగా అమ్మిన ఆంప్లిఫయరు 15 వాట్టులది మాత్రమే. బలము కంటె పొత్తు ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

మన హారన్లకును ఇదియే నీతి. శక్తి చాలని యంత్రమును పూర్తిగా త్రిప్పినపుడు ధ్వని తరంగముల శిఖరములు తెగిపోయి, కూత బయలుదేరును. అందు మొదట నశించునది హల్లుల స్పష్టత. శ, ష, స భేదము గాని, త, థ భేదము గాని వినువారికి తెలియదు. ఉపాధ్యాయులు ఏడాది పొడుగునను దిద్దిన ఉచ్చారణ ఆ గోలలో కలిసిపోవును.

తీగలు కలుపునపుడు యంత్రమును ఆపివేయవలయును. 100 వోల్టుల లైను మనుష్యులకును షాకు కొట్టును గనుక, అతుకులకు టేపు చుట్టి పిల్లలకు అందని యెత్తున కట్టవలయును. పాత వాల్వు ఆంప్లిఫయరును స్పీకరు లేకుండ నడిపినచో దాని ట్రాన్స్‌ఫార్మరు చెడును. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరునకు తీగలు ఒకదానినొకటి తాకుటయే గండము. యంత్రముపై గుడ్డ కప్పరాదు. మన యెండలకు దానికి గాలి తగులుట అవసరము.

ఉత్సవమునకు ముందురోజున పెద్దలొకరు కాగితముపై స్పీకర్ల ఓములను, వాట్టులను వ్రాసి కూడి, ఆంప్లిఫయరు వెనుకనున్న సంఖ్యలతో సరిచూడవలెనని మా మనవి. పది నిమిషముల ఆ లెక్కవలన యంత్రమును దక్కును, పిల్లల తెలుగును చక్కగా వినవచ్చును.