జాతీయ ఫుట్‌బాల్ జట్టు: హై ప్రెస్ వ్యూహం

ప్రవేశిక

ప్రత్యర్థి జట్టు తన గోల్ దగ్గర బంతితో ఉన్నప్పుడే ముందుకు వెళ్లి అడ్డగించి, బంతిని రాబట్టుకొనే పద్ధతిని 'హై ప్రెస్' అంటారు. చూడటానికి ఇది పరుగుల ఆటలా ఉంటుంది. నిజానికి ఇది దూరాలను, సమయాన్ని పాటించే ఆట. క్లబ్ జట్టుకంటే జాతీయ జట్టుకు ఇది ఎందుకు కష్టమో ఈ భాగంలో తెలుసుకొందాం.

అమరిక, సంకేతం

4-3-3 అమరికను తీసుకొందాం. ప్రత్యర్థి గోల్‌కీపర్ ఒక సెంటర్ బ్యాక్‌కు బంతి ఇచ్చాడు. మన సెంటర్ ఫార్వర్డ్ అతనిపైకి నేరుగా పరుగెత్తడు. రెండో సెంటర్ బ్యాక్‌కు వెళ్లే దారిని మూసివేస్తూ వంపుగా వస్తాడు. ఇక బంతి పక్కనున్న ఫుల్‌బ్యాక్‌కు వెళ్లాలి. ఆ పాసే మన జట్టుకు సంకేతం. వింగర్ ఫుల్‌బ్యాక్‌ను అడ్డుకొంటాడు, దగ్గరి మిడ్‌ఫీల్డర్ లోపలి పాస్‌ను మూస్తాడు. టచ్‌లైన్ కూడా మనకు ఒక డిఫెండర్‌లా పనిచేస్తుంది. వీరిలో ఒక్కరు ఆలస్యమైనా ప్రత్యర్థి తప్పించుకొంటాడు.

ఖాళీ లెక్క

మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. గోల్‌కీపర్ కాక మిగిలిన పదిమంది 60 మీటర్ల పొడవున, పూర్తి వెడల్పులో విస్తరిస్తే ఒక్కొక్కరి వంతుకు 408 చదరపు మీటర్లు వస్తాయి. 30 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పులోకి దగ్గరైతే 135 మాత్రమే. అందుకే ముందు వరుసతోపాటు డిఫెండర్లు కూడా మధ్యగీత దాకా రావాలి. అప్పుడు వారి వెనుక సుమారు 50 మీటర్లు ఖాళీగా ఉంటుంది. గోల్‌కీపర్ పెనాల్టీ ప్రాంతం దాటి వచ్చి దాన్ని కాపాడాలి. సొంత సగంలో ఉన్న ఆటగాడు ఆఫ్‌సైడ్ కాడు కనుక, డిఫెండర్లు మధ్యగీత దాటితే ఆ నియమం వారిని ఆదుకోదు.

జాతీయ జట్టు సమస్య

క్లబ్ ఆటగాళ్లు దాదాపు రోజూ కలిసి సాధన చేస్తారు. జాతీయ జట్టుకు మ్యాచ్‌కు ముందు కొద్ది రోజులే దొరుకుతాయి. మనోలో మార్క్వెజ్ హైదరాబాద్ ఎఫ్.సి.ని 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిపారు. 2024లో భారత జట్టు కోచ్ అయ్యాక, సెప్టెంబరులో గచ్చిబౌలిలో ఆయన జట్టు మారిషస్‌తో 0-0తో సరిపెట్టుకొని, సిరియా చేతిలో 0-3తో ఓడింది. ఓటమికి ఒకే కారణం ఉండదు. అయితే ఒకే కోచ్‌కు రెండుచోట్ల దొరికిన సమయం ఎంత తేడాయో గమనించండి.

దీనికి రెండు పరిష్కారాలు కనిపిస్తాయి. మొదటిది కొనసాగింపు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. హై ప్రెస్ అన్న మాట అప్పుడు వాడుకలో లేదు. కాని పదేళ్లకు పైగా ఒకే కోచ్ ఉండటంవల్ల ఆటగాళ్ల పాత్రలను మార్చగలిగారు. 1962 జకార్తాలో లీగ్ దశలో 0-2తో ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్‌లో 2-1తో గెలిచారు. డిఫెండరైన జర్నైల్ సింగ్, తలకు గాయమైనా ఫార్వర్డ్‌గా ఆడి ఒక గోల్ చేశారు.

రెండోది తేలిక నియమం. మార్సెలో బియెల్సా ఉరుగ్వే జట్టులో ఎవరు ఎవరిని వెంబడించాలో దాదాపు ముందే నిర్ణయించి ఉంటుంది. సాధన రోజులు తక్కువైనా ఇది త్వరగా పట్టుబడుతుంది. 2023లో ఆ జట్టు బ్రెజిల్‌ను, అర్జెంటీనాను 2-0తోనే ఓడించింది.

అభ్యాసం

మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లో శ్రీనిధి డెక్కన్ జట్టు మైదానం డెక్కన్ అరీనా ఉంది. అక్కడగాని, చేవెళ్లలో మీకు దగ్గరి మైదానంలోగాని ఒక మ్యాచ్ చూడండి. ప్రత్యర్థి తన వైపు చేసిన పాసులను, మీ జట్టు అక్కడ చేసిన అడ్డగింతలతో భాగించండి. 96 పాసులకు 12 అడ్డగింతలైతే 8 వస్తుంది. ఈ సంఖ్య తగ్గేకొద్దీ ఒత్తిడి ఎక్కువని అర్థం. మొదటి సగానికి, రెండో సగానికి విడివిడిగా లెక్కించి, తేడాకు కారణం పది వాక్యాల్లో రాయండి.