పింగాణీ గోడ మీద పీర్లు

చార్మినార్ చూడ్డానికి వచ్చినవాళ్ళు చేసే పనులు దాదాపు ఒకటే. లాడ్ బజార్‌లో గాజులు బేరమాడతారు. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తింటారు. మినార్ల ముందు నిలబడి ఫొటో దిగి, మక్కా మసీదు ముందు పావురాలకు గింజలు చల్లి వెనుదిరుగుతారు. ఉత్తరంగా గుల్జార్ హౌజ్, చార్ కమాన్లు దాటి పత్తర్‌గట్టి మీదుగా మదీనా దాకా నడిచేవాళ్ళున్నా, వాళ్ళ చూపు బట్టల కొట్ల మీదే ఉంటుంది. ఆ రాతి దుకాణాల చాటున ఉన్న ఒక ఆవరణలో, నాలుగు వందల ఏళ్ళ నాటి రంగులు ఇంకా గోడను అంటిపెట్టుకునే ఉన్నాయి. కుతుబ్‌షాహీల హైదరాబాదు అంటే మనకు సున్నం, గార, నల్లరాయి గుర్తొస్తాయి. ఆ ఊరికి రంగులు కూడా ఉండేవని నమ్మాలంటే ఈ బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకే రావాలి.

ఆషూర్‌ఖానా అంటే మసీదు కాదు. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ప్రాణాలర్పించిన ఇమాం హుసేన్‌ను తలచుకుని మొహర్రం పది రోజులూ శోకం పాటించే చోటు. గోల్కొండ సుల్తానులు షియాలు. వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. హైదరాబాదు నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ లేచిన కొద్ది ఏళ్ళకే, 1590ల నడుమ, ఈ ఆషూర్‌ఖానా కట్టించాడు. గోడల మీది పింగాణీ పలకల పని 1611 ప్రాంతం నాటిది. రాజ్యానికి పేష్వాగా ఉండి నగర నిర్మాణానికి ప్రణాళిక వేశాడని చెప్పే మీర్ మోమిన్ అస్త్రాబాదీ కూడా ఇరాన్ వాడే. ఇస్ఫహాన్ మసీదుల్లో కనిపించే పని మూసీ ఒడ్డుకు ఎలా వచ్చిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

లోపలికి వెళ్ళగానే ఎదురయ్యే ఎత్తైన చెక్క స్తంభాల మంటపం మాత్రం అంత పాతది కాదు. అది పద్దెనిమిదో శతాబ్దంలో రెండో నిజాం, నిజాం అలీ ఖాన్ చేర్పించింది. చేయించినవాడికి అభిరుచి ఉందనడానికి ఆ సన్నని స్తంభాలే సాక్ష్యం. మంటపం దాటి వెనక హాల్లోకి అడుగుపెట్టి, కళ్ళు మసక వెలుతురుకు అలవాటు పడేదాకా ఒక్క నిమిషం ఆగాలి. అప్పుడు ఒక్కొక్క రంగూ తేలుతుంది. ముందు ముదురు నీలం, తర్వాత ఆకుపచ్చ, తెలుపు, గోధుమ. వీటన్నిటి మధ్య ఆవపిండి రంగు పసుపు. నన్నడిగితే గోడకు ప్రాణం ఆ పసుపే. ఇరాన్ పనిలో నీలం రాజ్యమేలుతుంది, దక్కన్‌లో ఆ రాజ్యంలో పసుపుకు సగం వాటా దక్కింది.

దగ్గరికి వెళ్ళి చూస్తేగాని పనితనం తెలియదు. ఒక పలక మీద బొమ్మ గీసి, రంగులు నింపి కాల్చిన పని కాదిది. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చారు. ఎందుకంటే ఒక్కో రంగు పూతకు ఒక్కో వేడి కావాలి. నీలానికి సరిపోయిన మంటలో పసుపు మాడిపోవచ్చు. అలా కాల్చిన పలకల్ని గీసుకున్న నమూనా ప్రకారం ముక్కలుగా కోసి, అంచులు అరగదీసి, పక్కపక్కన పొదిగి గచ్చులో కూర్చారు. తీగ వంపు తిరిగిన చోట ఆ వంపుకు సరిపోయే ముక్కను కోశారు. అక్షరం తోక సాగిన చోట తెల్లముక్కను అంత సన్నగానూ చెక్కారు. రెండు ముక్కల నడుమ సందు వెంట్రుక వాసి. కోయడంలో రవ్వంత తేడా వస్తే ముక్క పారేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

గోడలో కొంత భాగాన్ని షడ్భుజాల నమూనా కప్పేస్తే, ముఖ్యమైన చోట్ల నిలువెత్తు ఆలంలు నిలబడ్డాయి. ఆలం అంటే ఊరేగింపులో కర్రకు తొడిగి ఎత్తిపట్టే లోహపు గుర్తు. కింద గుండ్రంగా మొదలై పైకి మొనదేలిన నీటిబొట్టు ఆకారం. ఆ ఆకారాన్నే పలకల్లో పెద్దది చేసి, లోపల పవిత్ర నామాలను అల్లిబిల్లిగా నింపారు. నిజమైన ఆలంలు మొహర్రంలో ఈ గోడల ముందే నిలబెడతారు. సుల్తానుల కాలంలో మొదటి రాత్రి వెయ్యి దీపాలు, రెండో రాత్రి రెండు వేలు, అలా పదో రాత్రికి పదివేల దీపాలు ఇక్కడ వెలిగేవని చెబుతారు. పింగాణీ మెరుపు మీద అన్ని దీపాలు ఆడుతుంటే ఎలా ఉండేదో ఇవాళ్టి ట్యూబులైటు కింద ఊహించుకోవడం కష్టం.

మా చుట్టాల్లో ఒకాయన రాయ్‌పూర్ పక్కన బీర్‌గావ్‌లో ఉంటాడు. ఉర్లా ఫ్యాక్టరీల వైపు పనికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డవాడు, పుట్టి పెరిగింది కరీంనగర్ దిక్కు పల్లెలో. సెలవులకు వస్తే ఇక్కడికి తీసుకెళ్ళాను. ఇరాన్, ఇస్ఫహాన్ అని నేనేదో మొదలుపెట్టబోతుంటే ఆయన గోడ వంక చూసి, "బావా, ఇవి మన పీర్లే గదా!" అన్నాడు.

అంతకన్నా సరిగా చెప్పడం నాకూ చేతకాదు. పల్లెల్లో ఆలంనే పీరు అంటారు. తెలంగాణలో పీర్ల కొట్టం లేని పాత ఊరు వెతికితేగాని దొరకదు. పీరును కడిగి, దట్టీలు కట్టి, ఊదు వేసి, మలీద పంచి, అలాయి గుంత చుట్టూ ఆడేవాళ్ళలో హిందువులు ఎందరో. పీరును ఎత్తుకునే మొక్కు తరతరాలుగా హిందువుల ఇంటి పేరు మీదే ఉన్న ఊళ్ళున్నాయి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామికి మొహర్రం రోజుల్లో జరిగే ఉత్సవాలకు జనం వేలల్లో తరలివస్తారు. ఊరి పీరు ఇత్తడిదో వెండిదో, పైన కోసిన అరబ్బీ అక్షరాలు ఎత్తుకున్నవాడు చదవలేడు. అయినా వాటి రూపం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. రాజుగారి ఆషూర్‌ఖానాలో పింగాణీ మీద ఉన్నదీ, పల్లెలో దట్టీల నడుమ మెరిసేదీ ఒకే వంశం. ఈ కళను "విదేశీ" అనేవాళ్ళు ముందు తమ ఊరి పీర్ల కొట్టం దాకా వెళ్ళిరావాలి.

ఇక అక్షరాల సంగతి. చదవడం రాకపోయినా చూడటం నేర్చుకోవచ్చు. మన తెలుగు లిపి తాటాకు మీద గంటంతో పెరిగింది, ఆకు చిరగకుండా ఉండాలని గుండ్రాలు తిరిగింది. అరబ్బీ రాత రెల్లు కలంతో పెరిగింది. కలం మొనను ఏటవాలుగా కోస్తారు కాబట్టి, చేయి తిరిగే దిక్కునుబట్టి గీత ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా పడుతుంది. ఆ కలాన్ని కాగితం మీద ఒత్తితే వచ్చే వజ్రం ఆకారపు చుక్కే మొత్తం రాతకు కొలబద్ద. నిలువు గీత ఎన్ని చుక్కల ఎత్తుండాలో, గిన్నెలా వంగే అక్షరం ఎన్ని చుక్కల వెడల్పుండాలో లెక్క ఉంది. ఆ లెక్క కట్టినవాడు పదో శతాబ్దపు బాగ్దాద్ మంత్రి ఇబ్న్ ముక్లా. రాజకీయాల్లో చిక్కుకుని కుడిచేయి పోగొట్టుకున్నాడు. మొండిచేతికి కలం కట్టుకుని రాశాడని కథ. 940లో చెరలో చనిపోయాడు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. నస్ఖ్ పుస్తకాల రాత, తేటగా ఉంటుంది. సులుస్ కట్టడాల రాత. నిలువు గీతలు బల్లేల్లా బారులు తీరి నిలబడితే, వాటి మొదట్లో మిగతా అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కి అల్లుకుంటాయి. మూడోది నస్తాలీఖ్. పర్షియన్ కవిత్వం కోసం ఇరాన్‌లో పుట్టింది, కుడినుంచి ఎడమకు జారుతూ దిగుతుంది. ఉర్దూ పత్రికలు, పెళ్ళి పత్రికలు ఇవాళ్టికీ అందులోనే.

ఈ రాతల తేడా తెలియాలంటే గోల్కొండ కోటకు దగ్గర్లోని కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్ళాలి. అందరూ గుమ్మటాలు చూసి వచ్చేస్తారు. గుమ్మటం కింద వంగి, నల్లని బసాల్టు సమాధి రాయిని చూడాలి. అద్దంలా నునుపు చేసి, అక్షరం చుట్టూ ఉన్న రాయిని చెక్కి తీసేసి, అక్షరాన్ని ఉబ్బెత్తుగా మిగిల్చారు. నిలువుగా కొట్టిన ఒక్క ఉలిదెబ్బ గురి తప్పితే వాక్యమంతా చెడిపోతుంది. మహమ్మద్ కులీ సమాధి మీద ఖురాన్ వాక్యాలు, ప్రవక్త వంశీకులకు సలాములు అరబ్బీ నస్ఖ్‌లో ఉంటే, సుల్తాను హిజ్రీ 1020లో, అంటే క్రీ.శ. 1612లో, చనిపోయిన సంగతి పర్షియన్ నస్తాలీఖ్‌లో ఉంది. దేవుడి మాటకు ఒక లిపి, మనిషి తేదీకి మరో లిపి. ఇక్కడే ఉన్న ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి బయటి గోడ మీద పింగాణీ తునకలు కాసిని ఇంకా అంటుకుని ఉన్నాయి. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితం పుచ్చుకున్న, తెలుగు కవుల మల్కిభరాముడు ఆయనే. ఈ సమాధుల తోటను ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్ళకు పైగా బాగుచేసింది. అక్కడి బావులకు చేసిన పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది.

అక్షరాల్లో లెక్కలు దాచడం మరో ముచ్చట. మన శాసనాల్లో రాములు మూడు, వేదాలు నాలుగు, బాణాలు ఐదు అని శక సంవత్సరాన్ని మాటల్లో చెప్పినట్టే, అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. చార్మినార్ కట్టిన ఏటికి 'యా హాఫిజ్' అని గుర్తు. కూడి చూడండి. యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000. హిజ్రీ 1000 మొదలైంది 1591లో.

ఆషూర్‌ఖానా మాత్రం సుఖంగా బతకలేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక ఇక్కడి ఆచారాలు ఆగిపోయాయి. కొన్నాళ్ళు గుర్రాలు కట్టేశారని చెబుతారు. నిజాం అలీ ఖాన్ వచ్చి మళ్ళీ నిలబెట్టాడు. 1908 సెప్టెంబరులో మూసీ ఊరి మీద పడ్డప్పుడు నీళ్ళు ఈ హాల్లోకీ వచ్చాయి. గోడల కింది వరసల పలకలు ఊడిపోయాయి. ఊడిన చోట తర్వాత గార పూసి, పాత నమూనానే రంగులతో గీశారు. దూరం నుంచి మోసపోతాం. పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే బండారం బయటపడుతుంది. అసలు పలక వెలుతురును తిప్పికొడుతుంది, రంగు పూత మింగేస్తుంది. అసలుకూ నకలుకూ మధ్య గీత చూపుడు వేలితో చూపించవచ్చు. ఆ నకలు పని చేసినవాళ్ళను నేను తిట్టను, నమూనా అయినా మిగిల్చారు. కానీ మళ్ళీ ఒకసారి దాని మీదే రంగులు పూయడమంటే మాత్రం ఒప్పుకోను. చేస్తే పలకతోనే చేయాలి, లేదంటే ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడాలి.

ఆషూర్‌ఖానా నుంచి కాస్త నడిస్తే ఛత్తా బజార్. ముద్రణ సందు అది. కాతిబులనే రాతగాళ్ళు నేల మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని పెళ్ళి పత్రికలకు నస్తాలీఖ్ రాసేవాళ్ళు. నగరంలోని ఉర్దూ దినపత్రికలు కూడా ఒకప్పుడు రోజూ రాత్రి చేత్తో రాసి అచ్చువేసినవే. 1990ల్లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ పనిని కంప్యూటరుకు అప్పగించింది. చుక్కలతో కొలిచి రాసే చేయి తిరిగినవాళ్ళు ఇంకా కొందరున్నారు. పేరు చెబితే కాగితం మీద రాసిస్తారు కూడా. అడిగేవాళ్ళే తగ్గారు.

వెళ్ళాలనుకుంటే పగటి వెలుతురు ఉండగా వెళ్ళండి. చెప్పులు బయట విడవండి, పలకలను చేత్తో తడమకండి. ఒక చోట పెచ్చు రేగితే పక్క ముక్క పట్టు కూడా సడలుతుంది. మొహర్రం పది రోజుల్లో అయితే అది చూసే చోటు కాదు, దుఃఖించే చోటు. కెమెరా జేబులో పెట్టుకుని, వాళ్ళతో పాటు కాసేపు కూర్చుని రండి.